మూడో చరణంలో ఆలిస్ టీచర్

దేవకృప సీడీ ప్లేయర్ కొన్న రోజున, బోయిన్‌పల్లిలో వాళ్ల వీధివీధంతా అది ఫ్రిజ్ అనుకుంది. అట్టపెట్టె అంత పెద్దది. ఆటోలోంచి దించి మేడమీదికి ఎక్కించడానికి ఆమె తండ్రి యెషయా ఒక చివర, ఆటోడ్రైవర్ ఇంకో చివర పట్టుకున్నారు. దేవకృప వాళ్లకు ఎదురుగా వెనక్కి నడుస్తూ, మెట్టుమెట్టుకీ "డాడీ, నెమ్మది... వంచకండి, వంచకండి" అంటూనే ఉంది.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు బుచ్చమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె కొడుకులకు మార్కెట్ యార్డులో టమాటా వ్యాపారం.

"ఏంది బిడ్డా అది?"

"సీడీ ప్లేయర్, ఆంటీ."

"గంత పెద్దదా? మా పోరగాళ్లు మోండా మార్కెట్ కాడ తెచ్చిన్రు, అరచెయ్యంత లేదు. ఒక్క సీడీల నూటయాభై పాటలు వస్తున్నయి."

"ఇందులో అన్ని రావు ఆంటీ. ఎనిమిదో పదో వస్తాయి."

బుచ్చమ్మ పెట్టె వైపు చూసి, మెట్ల మీద ఆయాసపడుతున్న యెషయా వైపు జాలిగా చూసింది. "మరి ఎందుకు కొన్నవ్ తల్లీ?"

ఆ ప్రశ్న దేవకృపను ఆఫీసులోనూ చాలామంది అడిగారు. అది రెండువేల నాలుగో సంవత్సరం. మాదాపూర్‌లో రోజుకో కొత్త అద్దాల భవనం లేస్తున్న కాలం. ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీముకు లీడ్. తనతో చేరిన వాళ్లలో కొందరు ఫ్లాట్లు బుక్ చేశారు, కొందరు కార్లు కొన్నారు. దేవకృప మాత్రం ఒక ఏడాది యాంప్లిఫయర్ కొంది, ఇంకో ఏడాది నడుమెత్తు స్పీకర్లు కొంది. ఈ ఏడాది బోనస్ రాగానే, పార్క్ లేన్ పక్క సందులో ఉన్న ఆడియో షాపుకు వెళ్లి, ఎన్నాళ్లుగానో చూసి వదిలేస్తున్న ఆ ఇంగ్లండు ప్లేయర్‌ను చూపించి "ప్యాక్ చెయ్యండి" అంది. ఆ మాట అన్నప్పుడు తన గొంతు ఎంత మామూలుగా వచ్చిందో తలుచుకుని తర్వాత చాలాసార్లు మురిసిపోయింది.

తండ్రి రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. తల్లి ఆలిస్ మిషన్ స్కూల్లో సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో పాట ఎప్పుడూ ఉండేది గానీ, దాన్ని వినడానికి ఉన్నది మాత్రం గరగరలాడే టేప్ రికార్డర్. పెన్సిల్‌తో టేపు చుట్టుకుంటూ పెరిగిన దేవకృపకు, తన సంపాదనతో తెచ్చుకున్న ఆ నల్లటి ఇనప పెట్టె అంటే అంత మోజు ఉండడంలో వింతేముంది?

మొదటి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీట నొక్కింది. సొరుగు చప్పుడు లేకుండా బయటికొచ్చింది. వీణ కచేరీ సీడీ ఒకటి పెట్టింది. సొరుగు లోపలికి పోయింది. ముందు ఏమీ వినపడలేదు. ఆ ఏమీ వినపడకపోవడమే ఆమెను మొదట ఆశ్చర్యపరిచింది. టేపు గరగర లేదు, చిన్న సీడీ ప్లేయర్ల సన్నటి ఈల లేదు. గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా అప్పుడే కొత్తగా వినపడ్డట్టుంది. లేచి ఫ్యాన్ కట్టేసింది. తర్వాత తీగ మీద గోరు తగిలిన చప్పుడు, దాని వెనకే స్వరం. ఎక్కడో సభలో ఒకాయన దగ్గితే, ఆయన కుడివైపు కూర్చున్నాడని కూడా తెలిసింది.

"డాడీ! దగ్గు విన్నారా?"

"విన్నానమ్మా. పాపం, జలుబు చేసినట్టుంది," అన్నాడు యెషయా ఎంతో సీరియస్‌గా.

అప్పటినుంచి ఆయనకు అదో ఉద్యోగమైంది. ఇంటికెవరొచ్చినా సోఫాలో సరిగ్గా మధ్యన కూర్చోబెట్టేవాడు. "అటూ ఇటూ జరక్కండి. ఇక్కడ కూర్చుంటేనే పాడేవాళ్లు మీ ఎదురుగా నిలబడతారు," అనేవాడు. ఫ్యాన్ కట్టేసేవాడు. పాటయ్యేదాకా మాట్లాడనిచ్చేవాడు కాదు. అయ్యాక, "మా అమ్మాయి సొంత కష్టార్జితం," అని మాత్రం తప్పకుండా చెప్పేవాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను కూడా ఒక పాట విని వెళ్లాడు.

ఆలిస్ ఒక్కత్తే ఆ సోఫాలో కూర్చోలేదు. వంటింట్లో పని చూసుకుంటూ వినేది. ఆ ప్లేయర్ కోసం తెల్లదారంతో ఒక క్రోషా కవరు అల్లి కప్పింది. దేవకృప ఆఫీసు నుంచి వచ్చి చూసి అరిచినంత పని చేసింది.

"మమ్మీ! గాలాడాలి దానికి! వేడెక్కుతుంది!"

"దుమ్ము పడుతుందని కప్పానే. సొంత పిల్లని చూసుకున్నట్టు చూసుకుంటున్నావ్. ఒక పెట్టెని చూసుకుని అంత గర్వం మంచిది కాదు కృపా."

"పెట్టెని చూసి కాదు మమ్మీ. నువ్వొకసారి కూర్చుని విను, తేడా తెలుస్తుంది."

"నాకేం తేడా? పాట పాటే."

ఇది అలా ఉండగా, ఆ ఏడాదే వాళ్ల చర్చికి డెబ్బై ఐదేళ్లు నిండాయి. ఆ సందర్భంగా చర్చి గాయక బృందం, అంటే క్వయర్, పాటలు రికార్డు చేసి సీడీగా తేవాలని సంఘం నిర్ణయించింది. క్వయర్‌ను నడిపే జకర్యా సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు, ఒకప్పుడు ఆలిస్ దగ్గరే స్వరాలు నేర్చుకున్నవాడు. ముప్పై ఏళ్లు దాటాయేమో, మహా హుషారు. సీడీ కోసం తనే ఒక కొత్త కీర్తన కట్టాడు. మొదటి రెండు చరణాలకూ ఆర్గన్ వాద్యం తోడుంటుంది. మూడో చరణంలో ఆర్గన్ ఆగిపోయి గొంతులే పాడతాయి. చివర్లో ఆర్గన్ మళ్లీ ఒక్కసారిగా అందుకుంటుంది.

ఆలిస్ ఆ క్వయర్‌లో పెళ్లి కాకముందు నుంచీ ఆల్టో పాడుతోంది. ఆడవాళ్ల గొంతుల్లో పైవరస సొప్రానో; పాట బాణీ వాళ్లదే, అందరి మెప్పూ వాళ్లదే. ఆల్టో దానికింది వరస. అది లేకపోతే పాట బోసిగా ఉంటుందిగానీ, ఉన్నప్పుడు ఎవరి చెవికీ విడిగా అందదు. ఇన్నేళ్లలో "మీ గొంతు బాగుందండీ" అని ఆలిస్‌తో ఎవరూ అనలేదు. అనాలని ఆమె కూడా అనుకోలేదు.

చర్చిలోనే మైకులు పెట్టి ఒక శనివారం రికార్డింగ్ పూర్తిచేశారు. నెల తర్వాత సీడీలు వచ్చాయి. విడుదల సభ రోజున దేవకృపకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి వెళ్లలేకపోయింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో లైటు కూడా వెయ్యకుండా తండ్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది డాడీ? మమ్మీ ఏది?"

"పడుకుంది. తలనొప్పంది." ఆయన గొంతు తగ్గించాడు. "సభలో ఆ కీర్తన వేశారమ్మా, హాల్లో ఉన్న మైకు బాక్సుల్లో. రెండు చరణాలు బాగానే ఉన్నాయి. మూడో దాని చివర ఆర్గన్ అందుకుందా, అదేదో... రెండు గిన్నెలు గుద్దుకున్నట్టు వినపడింది. అందరూ మొహాలు చూసుకున్నారు. వెనక ఎవరో అన్నారు, ఆల్టోలో ఒక ముసలి గొంతు విడిగా పోతోందని."

"మమ్మీ వినేలాగానా?"

"వినేలాగానే. తర్వాత జకర్యా వచ్చాడు. వాడు చెడ్డవాడు కాదు, బతిమాలుకుంటున్నట్టే మాట్లాడాడు. 'టీచర్, క్రిస్మస్‌కి మీరు జెర రెస్ట్ తీసుకోండి, ముందు వరసల కూర్చొని మమ్మల్ని దీవించండి' అన్నాడు. మీ అమ్మ 'అలాగే నాయనా' అంది. అంతే."

తర్వాతి శనివారం క్వయర్ ప్రాక్టీసు వేళకు ఆలిస్ బియ్యం ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్లు లేవు. అప్పటిదాకా ఇంట్లో పనిచేస్తూ ఏదో ఒకటి కూనిరాగం తీసే మనిషి, వారం రోజులుగా ఒక్క రాగం తియ్యలేదు. దేవకృప అడిగితే, "వయసు అయిపోయిందే. మనకి తెలీదు, ఎదుటివాళ్లకి తెలుస్తుంది," అంది.

ఆదివారం మధ్యాహ్నం తల్లి కాసేపు నడుం వాల్చినప్పుడు, దేవకృప ఆ సీడీ తీసి ప్లేయర్‌లో పెట్టింది. నిజం చెప్పాలంటే ఆమెకు భయంగానే ఉంది. తను ఇంత గొప్పగా చెప్పుకున్న ప్లేయర్ ఏదీ దాచదు. తల్లి గొంతు పాడైతే, పాడైందని అదే మొదట చెబుతుంది.

సౌండ్ బాగా తగ్గించి స్పీకర్లకు దగ్గరగా కూర్చుంది. చర్చి గోడలు, ఎత్తైన కప్పు, ఆ ఖాళీ అంతా ముందుగా గదిలోకి వచ్చింది. తర్వాత ఆర్గన్. తర్వాత గొంతులు. ఎడమవైపు సొప్రానోలు, కుడివైపు వెనకగా మగవాళ్ల రెండు వరసలు, పై గొంతు టెనార్లు, కింది గొంతు బేస్‌లు. మధ్యలో కొంచెం ఎడమగా ఆల్టోలు. వాళ్లలో ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో వేలుపెట్టి చూపించేలా ఉంది. కాప్రా నుంచి క్వయర్‌కు వచ్చే క్యారల్ అనే అమ్మాయి గొంతు గుర్తుపట్టింది. క్యారల్ పక్కన ఇంకో గొంతు ఉంది. సన్నగా, కొంచెం ఎండినట్టుగా, తిన్నగా ఉంది. చిన్నప్పుడు జ్వరం వచ్చిన రోజుల్లో నుదుటి మీద చెయ్యి వేసి పాడిన గొంతు అది.

మూడో చరణం వచ్చింది. ఆర్గన్ ఆగింది. దేవకృప స్పీకర్ల వైపు ఇంకా వంగింది. నిజమే, ఆ గొంతు మెల్లగా మిగతావాళ్ల నుంచి విడిపోతోంది. చరణం సాగినకొద్దీ ఎడం పెరుగుతోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ఆర్గన్ అందుకుంది. రెండు గిన్నెలు గుద్దుకున్న చప్పుడు.

ఆమె ఉలిక్కిపడి మీట నొక్కి ఆపింది. ఆ చప్పుడులో ఏదో తిరకాసు ఉంది. మళ్లీ మూడో చరణం వేసింది. ఈసారి తల్లి గొంతునొక్కదాన్నే పట్టుకుని వెంట నడిచింది. ఆర్గన్ వచ్చిన క్షణాన ఆ గొంతు గుద్దుకోలేదు. పాలలో పాలు కలిసినట్టు ఆర్గన్‌లోకి వెళ్లిపోయింది. గుద్దుకున్నవి మిగతా గొంతులు.

"డాడీ," అంది లేచి, "మమ్మీని లేపండి."

"తలనొప్పంటుందేమోనమ్మా..."

"లేపండి డాడీ."

ఆలిస్ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. ఏ సీడీయో చూసి వెనక్కి తిరగబోయింది. యెషయా భుజం పట్టి తీసుకొచ్చి సోఫాలో మధ్యన కూర్చోబెట్టాడు. ఆ చోట ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

పాట మొదలైన కాసేపటికి ఆలిస్ ముందుకు వంగింది. "అది క్యారల్," అంది. కాసేపాగి, "ఆ పక్కన..." అని ఆగిపోయింది. చెయ్యి తన గొంతు మీదికి వెళ్లింది. అరవై ఏళ్లు దాటిన మనిషి, నలభై ఏళ్లుగా పాడుతున్న మనిషి, గుంపులో తన గొంతును బయటనుంచి ఎన్నడూ వినలేదు.

మూడో చరణం అయ్యింది. ఆర్గన్ అందుకుంది. ఆమె మొహంలో ఏమీ కనపడలేదు.

"మళ్లీ వెయ్యి," అంది.

మళ్లీ వేసింది. ఈసారి ఆలిస్ వేళ్లతో మోకాలి మీద తాళం వేస్తూ, టీచరు పిల్లల పాట వింటున్నట్టు వింది.

"దిగిపోయారు," అంది చివరికి. "ఆర్గన్ లేకపోయేసరికి అందరూ కొంచెం కొంచెంగా శ్రుతి దిగిపోయారు. ఎక్కడికక్కడ ఒక వెంట్రుకవాసి. కలిసి దిగారు కాబట్టి ఎవరికీ తెలీలేదు. నేను స్కూల్లో పిల్లలకి ఇదే చెప్పేదాన్ని. నిచ్చెన తీసేసినా మెట్టు మీదే ఉండాలని."

"మరి నువ్వు?" అన్నాడు యెషయా.

ఆలిస్ భర్త వైపు చూసింది, కూతురి వైపు చూసింది. "నేను దిగలేదండీ," అంది. అన్నాక సిగ్గుపడింది. చిన్నగా మొదలైన నవ్వు ఆగకుండా మొహమంతా పాకింది. "నేను దిగలేదు. ఉన్నచోటే ఉన్నాను."

యెషయా చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. "పదండి. జకర్యా ఇంటికి వెళ్దాం. ఆ వెనకనుంచి మాట్లాడినవాళ్లెవరో వాళ్లని కూడా—"

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు," అంది ఆలిస్. "వాడు నా శిష్యుడు. మనం చెప్పక్కర్లేదు, వాడికి చెవులున్నాయి. టీకి పిలవండి."

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక జకర్యా వచ్చాడు, క్యారల్ కూడా వచ్చింది. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. వందనాలు చెప్పి సోఫా అంచున కూర్చున్నారు. దేవకృప ఏమీ వివరించలేదు. "మా కొత్త ప్లేయర్‌లో మన సీడీ ఒకసారి వినండన్నా," అంది. యెషయా ఫ్యాన్ కట్టేశాడు.

మొదటి చరణానికే జకర్యా నోరు తెరుచుకున్నాడు. "అరె! మనోళ్లేనా గిట్ల పాడింది?" అన్నాడు. ఆ పాట అతను కంప్యూటర్ స్పీకర్లలో, స్నేహితుడి కారులో విన్నాడట. అన్నిచోట్లా ముద్దగానే వినపడింది. ఇప్పుడు తను కూర్చిన నాలుగు వరసలూ నాలుగు దారాల్లా విడివిడిగా కనపడుతుంటే, అతని మొహం చిన్నపిల్లాడిదైంది. "టెనార్‌ల గా గమకం సూడు క్యారల్... నేను చెప్పిందే పాడిన్రు, ఒక్కడు సుత తప్పలేదు!"

మూడో చరణం మొదలయ్యాక మాట ఆపేశాడు. కళ్లు మూసుకున్నాడు. ఆర్గన్ అందుకోగానే కళ్లు తెరిచి ఆలిస్ వైపు చూశాడు.

"చెల్లె, జెర మళ్ల పెట్టు," అన్నాడు దేవకృపతో.

రెండోసారి విన్నాక లేచి నిలబడ్డాడు. ఎటు పోవాలో తెలీనట్టు కిటికీ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. "టీచర్, మీరొక్కరే ఉన్నరు. శ్రుతి మీద మీరొక్కరే ఉన్నరు. మేమందరం కలిసి కిందికి వోయినం, కిందికి వోయి మిమ్మల్ని తప్పువట్టినం."

క్యారల్ ఆలిస్ వైపు జరిగింది. "మీ పక్కనే నిలబడ్డాను టీచర్. నేను కూడా దిగానా?"

"దిగావమ్మా. పక్కవాళ్లని వింటూ పాడావు, అదేం తప్పు కాదు. క్వయర్‌లో అలాగే పాడాలి," అంది ఆలిస్. "నాకే ఒక జబ్బుంది. శ్రుతి ఒకసారి చెవిలో పడిందంటే పోదు. దానివల్ల మీ అంకుల్ ఈల వేసినా నాకు కష్టమే."

అందరూ నవ్వారు. యెషయా అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"గట్ల కాదు టీచర్," అన్నాడు జకర్యా. నవ్వులోంచి ముందు తేరుకున్నది అతనే. "ముందు వరసల కూర్చోమన్నా కదా. మాఫ్ చెయ్యండి. మీరు రావాలె. ఆల్టోల నడుమ నిలవడాలె. నేను అందరికీ చెప్త, టీచర్‌ని వినుకుంట పాడున్రి అని. చెప్తే నమ్మరు, నాకెరికే. ఒక్కొక్క బ్యాచ్‌ని ఈడికి తీసుకొస్త. చెల్లె, తక్లీఫ్ కాదు గదా?"

తక్లీఫా, ఇబ్బందా? దేవకృప ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం. తర్వాత వరసగా కొన్ని ఆదివారాలు ఆ మేడమీది హాలు క్వయర్‌తో నిండిపోయింది. సొప్రానోలు వచ్చారు, మగవాళ్లు వచ్చారు. చాప పరిచారు, మెట్ల మీద చెప్పులు వరసగా పేరుకున్నాయి. ప్రతివాళ్లూ ముందు తమ గొంతు వెతుక్కున్నారు. దొరకగానే పక్కవాణ్ని మోచేత్తో పొడిచారు. మూడో చరణం దగ్గర మాత్రం గదిలో ఎవరూ కదిలేవారు కాదు. సభలో ముసలి గొంతని అన్నదెవరో ఆలిస్ ఆరా తియ్యలేదు. ఒకరోజు టెనార్ పాడే దేవానందం టీ తాగకుండా తలొంచుకుని వెళ్లిపోతుంటే, ఆమే పిలిచి బిస్కెట్లు చేతిలో పెట్టి పంపింది.

బుచ్చమ్మకు ఈ రాకపోకలు చూసి ఆగలేదు. ఒక ఆదివారం తనూ పైకొచ్చి గుమ్మంలో నిలబడి విని, ఆలిస్‌ని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. "గా సక్కటి గొంతు నీదేనంట గదా? ఇన్నేండ్ల సంది నా నెత్తిమీద ఉండుకుంట నాకు చెప్పనే లేదేందమ్మా?" అంది కోపంగా.

ఆలిస్ ఇప్పుడు మధ్యాహ్నాలు తనే సీడీ పెట్టుకుని వింటోంది. ముందు ఫ్యాన్ కట్టేస్తుంది, తర్వాత సోఫాలో మధ్యన కూర్చుంటుంది. ఒకరోజు దేవకృప ఆఫీసు నుంచి త్వరగా వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల తల్లి, పక్కింటావిడకు చెబుతోంది: "అటూ ఇటూ జరక్కండి. మా కృప కొన్నది. చాలా మంచి ప్లేయరండీ, తప్పు ఉంటే తప్పు చెబుతుంది, ఒప్పు ఉంటే ఒప్పు చెబుతుంది. అసలు ఇలాంటిది ఈ చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేదు." దేవకృప చప్పుడు చెయ్యకుండా, ఆ మాటలు పూర్తయ్యేదాకా మెట్ల మీదే కూర్చుంది.

క్రిస్మస్ ఆరాధనకు చర్చి కిక్కిరిసిపోయింది. దేవకృప తండ్రి పక్కన వెనక బెంచీలో కూర్చుంది. క్వయర్ లేచి నిలబడింది. ఆల్టోల నడుమ, క్రీమ్ రంగు పట్టుచీరలో ఆలిస్. జకర్యా కొత్త కీర్తన ఎత్తుకున్నాడు. రెండు చరణాలు అయ్యాయి. ఆర్గన్ ఆగింది. జకర్యా చేతులు గాల్లో ఉన్నాయిగానీ, చూపు మాత్రం ఆలిస్ మీదే ఉంది. వరసలో ఆడపిల్లలు ఆమె వైపు కొద్దిగా తలలు వంచి పాడుతున్నారు.

మూడో చరణం చివరికొచ్చింది. దేవకృప తెలియకుండానే తండ్రి చెయ్యి పట్టుకుంది. పాట అలా పెద్దదవుతూ, నిండుతూ, కప్పుదాకా లేచింది.

"ఆర్గన్ ఎప్పుడొస్తుందమ్మా?" అన్నాడు యెషయా చెవిలో.

"వచ్చేసింది డాడీ."

ఆయన చెవి ఒగ్గి విన్నాడు. నిజంగానే ఆర్గన్ మోగుతోంది. ఎక్కడ అందుకుందో అతుకు కూడా తెలీలేదు. యెషయా గొంతు సవరించుకున్నాడు. పక్కన ఎవరో కొత్త కుటుంబం కూర్చుని ఉంది, పండక్కి చుట్టాలింటికి వచ్చినట్టున్నారు. ఆయన ఆ పెద్దమనిషి వైపు వంగి, ఆరాధనలో మాట్లాడకూడదన్న సంగతే మర్చిపోయి, వేలుపెట్టి చూపించాడు.

"రెండో వరసలో, క్రీమ్ రంగు చీర. మా ఆవిడండీ."